దుఃఖమునకు నడక ఏమి చేయును?

ఇంటిలో ఒకరు చనిపోయిన తరువాత గడ్డపోతారము వంటి తెలంగాణ పల్లెలలో జరుగు కర్మలను కొంచెము దూరముగా నిలిచి చూచినచో ఒక సంగతి కనబడును. మూడవనాడు ఊరి బయటకు పోయి పిట్టకు పెట్టుదురు. పిట్ట ముట్టువరకు అక్కడనే చెట్టుక్రింద కాచుకొని ఉందురు. పదవనాడో పదకొండవనాడో చెరువుకో, వాగుకో, బావికో పోయి స్నానముచేసి వత్తురు. శోకములో మునిగినవానిని ఇంటిమూల కూర్చుండనీయక, గుట్టల మధ్యనుండి నడిపించి, మరల ఇంటికి తెచ్చు ఏర్పాటు ఇందులో ఉన్నది. ఆచారము దీనికొరకే పుట్టినదని చెప్పుటకు వీలులేదు. పైగా, భర్తను పోగొట్టుకొన్న స్త్రీని అదే ఆచారము నెలల తరబడి గడప దాటనీయలేదు. అవసరము ఎక్కువగా ఉన్నవారికే ఆ మేలు అందకపోయినది. అయినను, కాలినడకకు దుఃఖమునకు గల సంబంధమును పరిశీలించుటకు ఇది మంచి ఆరంభము.

దుఃఖము మనస్సుకు మాత్రమే సంబంధించినదని మనము సాధారణముగా తలచెదము. శరీరము ఆ భేదమును పాటించదు. ఆత్మీయుని మరణవార్త విన్నపుడు అడ్రినలిన్, కార్టిసాల్ అను హార్మోనులు రక్తములో పెరుగును. గుండె వేగము, రక్తపు పోటు హెచ్చును. కాలేయము నిలువచేసిన చక్కెర రక్తములోనికి విడుదలయగును. ఇదంతయు పరుగెత్తుటకో పోరాడుటకో శరీరము చేసికొను సన్నాహము. కాని శోకించువాడు పరుగెత్తడు, పోరాడడు. గోడకు ఆనుకొని కూర్చుండును. సన్నాహము వ్యర్థమగును, నిద్ర చెడును, ఆకలి పోవును. ఆత్మీయుని పోగొట్టుకొన్న మొదటి 24 గంటలలో గుండెపోటు వచ్చు అవకాశము మామూలు దినములకంటె సుమారు 21 రెట్లు అధికమని 2012లో అమెరికాలో ప్రచురింపబడిన పరిశోధన తెలిపినది. “గుండె పగిలినది” అను మాటలో అతిశయోక్తి మనము అనుకొన్నంత లేదు.

నడక ఆ సన్నాహమునకు ఒక పని కల్పించును. కాలి కండరములు రక్తములోని చక్కెరను వాడుకొనును. పిక్కల కండరములు బిగిసి వదలినపుడెల్ల సిరలలోని రక్తమును పైకి, గుండెవైపు నెట్టును. పగటి వెలుతురు కంటిలో పడుటచే మెదడులోని గడియారము సరిపడి రాత్రి నిద్రకు తోడ్పడును. నిద్ర తిరిగివచ్చుట దుఃఖితునికి చిన్న మేలు కాదు.

మనస్సు విషయము ఇంతకంటె చిక్కైనది. దుఃఖమును పూర్తిగా వెళ్లగ్రక్కినగాని మనిషి కోలుకొనడని చాలకాలము భావించిరి. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అను ఇద్దరు మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులు వేరొక వివరణ ఇచ్చిరి. కోలుకొను మనిషి ఒకప్పుడు పోయినవారిని తలచుకొని ఏడ్చును. మరొకప్పుడు దానిని ప్రక్కకు నెట్టి బియ్యము, బడి, అప్పు వంటి బ్రదుకు పనులు చూచుకొనును. గడియారపు లోలకమువలె ఈ రెంటి మధ్య ఊగుటయే ఆరోగ్యలక్షణమని వారు చెప్పిరి. ఎల్లప్పుడు ఒకే ప్రక్కన చిక్కుకొనుట ప్రమాదకరము. నడచువానికి ఈ ఊపు తనంతట వచ్చును. నాలుగు అడుగులు తండ్రిని గూర్చి తలచును. ఐదవ అడుగు దగ్గర రాయి తగులును, లేక తీతువు అరచును. దృష్టి అటు పోవును. మరల తండ్రి దగ్గరకు వచ్చును.

ఎక్కడ నడిచినను ఫలము ఒకటేనా? కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో 2015లో ప్రకటించిన ఒక ప్రయోగము దీనిని పరీక్షించినది. 38 మందిలో కొందరిని చెట్లు, గడ్డి ఉన్న నేలమీదను, కొందరిని వాహనములు ఎడతెగక పోవు రహదారి ప్రక్కను 90 నిమిషములు నడిపించిరి. చెట్ల మధ్య నడచినవారిలో ఒకే చింతను తిరుగవేసికొను స్వభావము తగ్గెను. ఆ స్వభావముతో సంబంధముగల మెదడు ముందుభాగపు ప్రాంతము ఒకటి తక్కువ చురుకుగా ఉండెను. రహదారివెంట నడచినవారిలో ఈ మార్పు కనబడలేదు. వారందరు ఆరోగ్యవంతులే గాని దుఃఖితులు కారు. కావున దీనిని మందుచీటీగా తీసికొనరాదు. కాని నేల యొక్క గుణము కూడ లెక్కకు వచ్చునని ఇది సూచించుచున్నది.

గడ్డపోతారమునకు ఈ సూచన కష్టమైన ప్రశ్న. కోట్ల సంవత్సరముల నాటి దక్కను నల్లరాతి గుండ్లు, తంగేడు, మోదుగ, తాటిచెట్లు, చెరువులు గల ఈ ప్రదేశమున గత శతాబ్దపు చివరి దశాబ్దములలో ఔషధ, రసాయన పరిశ్రమలు వెలసినవి. పొరుగున ఉన్న ఖాజిపల్లి చెరువునుండి తీసిన నమూనాలలో మందులకు లొంగని గుణమునిచ్చు సూక్ష్మజీవుల జన్యువులు, స్వీడన్‌లోని ఒక చెరువుతో పోల్చినపుడు, సుమారు 7,000 రెట్లు ఎక్కువగా ఉన్నట్లు 2014లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తాత స్నానముచేసిన నీటిలో మనుమడు కాలుపెట్టుటకు జంకవలసివచ్చినపుడు, చెరువు కూడ పోయినవారి జాబితాలో చేరును. ఆస్ట్రేలియాకు చెందిన గ్లెన్ ఆల్బ్రెక్ట్, బొగ్గు గనులచే మారిపోయిన హంటర్ లోయ ప్రజలను చూచి, ఇట్టి బాధకు ‘సోలాస్టాల్జియా’ అని పేరు పెట్టెను. ఊరు విడువకయే ఊరిమీద కలుగు బెంగ అని దీని భావము.

ఇక్కడ నడచువారు గాలి సంగతి కూడ తెలిసికొనవలెను. తెల్లవారుజామున నడువుమని అందరు చెప్పుదురు. చలికాలములో రాత్రి నేల త్వరగా చల్లబడి, దానిని అంటియున్న గాలి కూడ చల్లబడును. పైపొర వెచ్చగా ఉండుటచే క్రిందిగాలి పైకి లేవలేదు. పొగలు, వాసనలు మూతపెట్టిన కుండలోవలె అడుగుననే నిలిచిపోవును. ఎండ నేలను వేడిచేసిన పిమ్మటనే ఆ మూత తొలగును. కనుక పారిశ్రామిక ప్రాంతములో చలికాలపు నడకకు ప్రొద్దెక్కిన తరువాతనో, సాయంకాలము సూర్యాస్తమయమునకు ముందో తగిన సమయము.

నడువదగిన చోటు పూర్తిగా లేకపోలేదు. ఖాజిపల్లి రిజర్వు అడవిలో 1,650 ఎకరములను 2020లో సినీనటుడు ప్రభాస్ దత్తత తీసికొనెను. పరిశ్రమల నడుమ మిగిలిన ఇట్టి అడవి విలువను కలపతోను, వర్షముతోను మాత్రమే కొలుచుట చాలదు. 2025 జూన్ 30న ఇదే పారిశ్రామిక ప్రాంతములోని పాశమైలారములో జరిగిన ప్రేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో పెక్కుమంది ఇతర రాష్ట్రములవారు. అట్టివారి తోటి కార్మికులకు ఇక్కడ సొంత చెరువుగట్టు లేదు, పిట్టకు పెట్టు చెట్టు లేదు; అద్దెగది, పనిచోటు, వాటిమధ్య లారీల రోడ్డు మాత్రమే ఉన్నవి.

ఉపాధ్యాయులకు ఒక మాట. తల్లినో తండ్రినో పోగొట్టుకొని బడికి తిరిగివచ్చిన విద్యార్థిని ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నించినచో తరచు సమాధానము రాదు. ప్రక్కప్రక్కన నడచునపుడు కన్నులు కలుపవలసిన పని లేదు, మౌనము ఎబ్బెట్టుగా ఉండదు. పిల్లవాడు చెప్పదలచినది చెప్పును, లేనిచో ఊరకుండును. ఆటస్థలము చుట్టు రెండు ప్రదక్షిణములైనను చాలును. అయితే నెలలు గడచినను నిద్ర, తిండి, చదువు కుదుటపడనిచో, బ్రదుకుమీద విరక్తి మాటలు వినబడినచో, నడకను నమ్ముకొని జాగుచేయరాదు, వైద్యునికి చూపవలెను. మానసిక సహాయమునకు కేంద్రప్రభుత్వము 2022లో ఆరంభించిన టెలీ మానస్‌కు 14416 అను సంఖ్యపై ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాట్లాడవచ్చును.