ఈ ప్రియదర్శినికి మూతే లేదు!

‘మాయాబజార్’లో ప్రియదర్శిని పేటిక గుర్తుందా? మూత తీసినవారికి తమకు అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు! 1957లో కె.వి. రెడ్డిగారు వెండితెరమీద చూపించిన ఆ వింత ఇవాళ మనందరి జేబుల్లోనూ ఉంది. తేడా అల్లా ఒక్కటే. వాళ్ళు చూశారు, ముచ్చటపడ్డారు, మూత వేశారు. మనం వెయ్యం!

నేనూ వెయ్యనివాణ్ణే. ఆఫీసులో బుర్ర వేడెక్కితే, ఇంటికొచ్చి “కాస్త రెస్టు తీసుకుందాం” అని ఫోను తీసేవాణ్ణి. ఓ కామెడీ బిట్టు, ఓ పాట, ఓ ట్రైలరు... తలెత్తేసరికి రాత్రి పన్నెండున్నర. రెస్టు మాట దేవుడెరుగు, కళ్ళు మండేవి. నిద్ర పట్టేది కాదు.

ఆ మధ్య ఓ ఆదివారం టీవీలో ‘మాయాబజార్’ వస్తోంది. పక్కన అమ్మ. చిన్నప్పుడు డేరా హాల్లో ఈ సినిమా చూసిన సంగతి చెప్పడం మొదలెట్టింది. నేను ఫోను చూస్తూ “ఊఁ” కొడుతున్నాను. కాసేపటికి మాట ఆగిపోయింది.

“తర్వాతేమైందమ్మా?”

“ఏం లేదులేరా, నీ పని చూసుకో.”

ఆ గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేది. ఎందుకంటే అప్పుడు నాకు పనేమీ లేదు!

సినిమాకి ఇంటర్వెల్ ఉంది, చివర్లో ‘శుభం’ ఉంది. ఫోనుకి ఆ రెండూ లేవు. వేలితో తోసేకొద్దీ వస్తూనే ఉండే ఆ ఏర్పాటును 2006లో తయారుచేసిన అజా రాస్కిన్ అనే అమెరికన్ తర్వాత తానే పశ్చాత్తాపపడ్డాడు. 2017లో టెక్సాస్ విశ్వవిద్యాలయంవారు అచ్చు వేసిన ఓ పరిశోధన ప్రకారం, ఫోను బల్లమీద బోర్లా పెట్టుకున్నవారికంటే పక్కగదిలో వదిలొచ్చినవారికే బుర్ర చురుగ్గా పనిచేసిందట. తర్వాత వేరేవాళ్ళు చేస్తే ఆ తేడా కనిపించలేదు లెండి. నా మటుకు నాకు పక్కగది వైద్యం పనిచేసింది.

మరుసటి ఆదివారం ఫోనుని అమ్మ బీరువాలో చీరల కింద దాచి, అదే సినిమా మళ్ళీ పెట్టాను. మొదటి ఇరవై నిమిషాలూ చెయ్యి ఊరికే జేబులోకి పోయింది. ఫోను మోగినట్టు భ్రమ కూడానూ! మార్కస్ బార్‌ట్లీ వెన్నెల్లో పడవ కదిలే వేళకి ఆ పీకులాట తగ్గింది. ఆ పడవ తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. అలా ఖాళీగా ఉండి ఎన్నాళ్ళయిందో!

అడక్కుండానే అమ్మ అందుకుంది. “మా నాన్న ఇసుక కుప్పపోసి దానిమీద కూచోబెట్టాడురా. ముందాయన తలపాగా అడ్డమొస్తుంటే, సరిగ్గా ఈ పాటకి నన్ను భుజమ్మీదికెత్తుకున్నాడు. వెనకవాళ్ళు ఒకటే తిట్లు!”

ఆ తాతయ్యని నేనెప్పుడూ చూడలేదు. ఆయన భుజాన కూచున్న పాపని మాత్రం ఆవేళ చూశాను.

ఆ రాత్రి ఫోను సంగతే మర్చిపోయి పడుకున్నాను. తెల్లారి ఆరింటికి బీరువాలో అలారం మోత.

“ఒరే, లేవరా! నా పట్టుచీరలు కూస్తున్నాయి!” అంటోంది అమ్మ.