ఇల్లు చల్లగా నుండుటకు

రాత్రి పది గంటలు దాటినది. జనగామ వీధిలో గాలి చల్లబడినది, వేపకొమ్మలు కదలుచున్నవి. ఇంటి లోపల మంచముపై పరుండిన ముసలితల్లికి మాత్రము నిద్ర లేదు. పంకా తిరుగుచునే యున్నది గాని అది విసరునది వేడిగాలి. బయట చల్లబడిన తరువాత లోపల ఈ ఉడుకేల? సమాధానము ఆమె తలపైననే కలదు. అది ఇంటి కప్పు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములు మూడును 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలోనివే. నేడు మూడు జిల్లాలకు ముఖ్యస్థానములు. ఈ మూడును 17, 19 ఉత్తర అక్షాంశముల నడుమ నున్నవి. కావున మే రెండవ వారమున మధ్యాహ్న సూర్యుడు సరిగా మన నడినెత్తికి వచ్చును. జూలై చివర గాని, ఆగస్టు మొదట గాని మరల నొకసారి అట్లే వచ్చును. ఆ వేళ నాలుగు గోడలపైనను ఎండ జారిపోవును. కప్పు మాత్రము దానినంతను తానే మోయవలెను. కనుక మన ప్రాంతములో ఇల్లు కట్టువారు మొదట ఆలోచింపవలసినది కప్పును గురించియే.

మన పూర్వులు దీని నెరిగియే కట్టిరి. మూరెడు మందము గల మట్టిగోడ, పైన గూనపెంకులు, ముందు అరుగు, నడుమ వాకిలి. ఆ గోడను దాటుటకు ఎండవేడికి సుమారు సగము దినము పట్టును. అది లోపలికి వచ్చుసరికి రాత్రి యగును. చల్లగాలి దానిని తీసికొనిపోవును. పెంకుల సందులలో నుండి వేడిగాలి పైకి పోవుచుండును. అటవీగ్రామములలో తడికెకు మట్టి మెత్తి గోడ నిలిపి, పైన గడ్డి కప్పి, చూరును బాగుగ క్రిందికి దింపుదురు. ఎండయు వానయు గోడను తాకకుండుటయే దాని ప్రయోజనము.

ఐనను పెంకుటిండ్లను జనులు ఊరక విడువలేదు. కోతుల మూకలు పెంకులను పీకివేయుచున్నవి. ఏటేట కప్పు సర్దుటకు పనివారు దొరకుట లేదు. దూలములకు చెదలు పట్టును. వాన కురిసిన గిన్నెలు పెట్టవలెను. స్లాబు ఇల్లు ఈ బాధల నన్నిటిని తీర్చినది. కాబట్టి దానిని నిందించుట న్యాయము కాదు. దాని స్వభావము నెరిగి వాడుకొనవలెను.

స్లాబు స్వభావ మేమి? నాలుగంగుళముల కాంక్రీటును దాటుటకు వేడికి సుమారు మూడు గంటలు పట్టును. నడిమధ్యాహ్నపు ఎండ సాయంకాలము నాలుగింటికి లోపలి ముఖమునకు చేరును. తరువాత పొయ్యి దింపిన పెనమువలె అది నడిరేయి వరకు క్రింది వారిపై వేడిని వెదజల్లుచుండును. రేకుల ఇల్లు అంతసేపు ఆగదు. పగలే నిప్పులు చెరుగును. కాని ప్రొద్దు క్రుంకగానే చల్లబడును. కనుక స్లాబు ఇంట రాత్రి కష్టము, రేకుల ఇంట పగలు కష్టము.

ఇది సౌఖ్యమునకు మాత్రమే సంబంధించిన మాట కాదు. మన చర్మపు వేడిమి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకు మించి వేడెక్కినచో శరీరమునకు చెమట ఒక్కటే శరణ్యము. పంకా గాలిని చల్లబరచదు. చెమటను ఆర్చును, అంతే. గాలి 40 డిగ్రీలు దాటినచో పంకా ఒడలిని మరింత వేడెక్కించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. 2015 మే నెల వడగాడ్పులకు దేశములో రెండువేలకు పైగా మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. వడదెబ్బ పొలములోనే తగులుననుకొనరాదు. పగలంతయు ఇంటనే యుండు వృద్ధులకును, పసిపిల్లలకును, బాలింతలకును ఇల్లే ఎండ కావచ్చును.

నివారణోపాయములలో సులభమైనది కప్పునకు తెలుపు వేయుట. నల్లబడిన స్లాబు తనపై పడిన ఎండలో ఎక్కువ భాగమును త్రాగివేయును. తెల్లనిది ఎక్కువ భాగమును త్రిప్పికొట్టును. జల్లెడ పట్టిన సున్నములో తెల్ల సిమెంటును, కొంచెము జిగురును కలిపి, కప్పును కడిగి ఆరిన పిమ్మట రెండు పూతలు పూసిన చాలును. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, 600 చదరపు గజములును అంతకు మించిన స్థలములలోని నివాసములకు దీనిని విధించినది. చిన్న ఇంటివారికి నిర్బంధము లేదు. అవసరము మాత్రము వారికే ఎక్కువ. దుమ్ము పడి తెలుపు మాయును గనుక ఏటేట శివరాత్రి వెళ్ళగనే మరల పూయవలెను. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలినప్పుడు పూయువాడు సగము వేసవిని పోగొట్టుకొన్నట్లే. రేకుల ఇంటివారు పైన జానెడు ఎడముతో తాటికమ్మల పందిరి వేసికొనవచ్చును. ఆ ఎడములోని గాలియే రక్షణ. నిప్పు భయమున్నచోట మాత్రము తెల్లపూతయే మేలు.

ఇక కిటికీలు. చాలమంది పగలు వాని నన్నిటిని తెరిచి, రాత్రి దొంగల భయముచే మూసికొందురు. వేసవిలో దీనికి తలక్రిందుగ చేయవలెను. వడగాలి వీచు వేళ మూయవలెను. సాయంకాలము బయటిగాలి లోపలిదానికంటె చల్లబడగనే తెరువవలెను. ఇనుప చువ్వలు, దోమల జాలి ఉన్నచో భయముండదు. ఎదురెదురు గోడలలో కిటికీలుండిన గాలి పారును. పైన గవాక్షమున్న వేడిగాలి వెడలిపోవును. గవాక్షములో గుడ్డలు క్రుక్కుట ఇంటి ముక్కు మూయుట వంటిది. భూపాలపల్లిలో బొగ్గులారీలు తిరుగు బాట ప్రక్కన నుండువారు, ధూళి రాని పెరటివైపు పెద్ద కిటికీ పెట్టుకొనుట మంచిది. గాలిని చల్లబరచు కూలరును మూసిన గదిలో నడిపిన ఉక్కయే మిగులును. తడిగాలి పోవుటకు దారి యుండవలెను. దాని తొట్టిలో నిలువనీరు డెంగీ దోమకు పుట్టినిల్లు. వారమునకొకసారి తోమి ఆరబెట్టవలెను.

వాస్తు భయముచే దక్షిణపు కిటికీని ఇటుకలతో మూయువారు కలరు. సూర్యగమనమును బట్టి చూచిన, నీడ నిచ్చుటకు మిక్కిలి సులభమైనది ఆ దిక్కే. వేసవి మధ్యాహ్నము సూర్యుడు అటు ఒరుగడు. డిసెంబరులో సగమెత్తున నిలిచి చలివేళ వెచ్చని వెలుగు నిచ్చును. అసలు చిక్కు పడమటిది. అచ్చటి ఎండ సజ్జా క్రిందుగ దూరి వచ్చును. లోపలి తెరతో అది ఆగదు. బయట తడికె గాని, వసారా గాని, చెట్టు గాని ఉండవలెను.

మన దేశమున వెలుతురునకు కొరత లేదు. దానిని మెత్తబరచి లోనికి తెచ్చుటయే నేర్పు. గోడలకు లోపల తెల్లసున్నమున్న చిన్న కిటికీయు గదినంతను వెలిగించును. చీకటి వంటింట పెంకుల నడుమ ఒక గాజుపెంకు పెట్టిన పగలు దీపము పనిలేదు. రాత్రికి 9 వాట్ల ఎల్‌ఇడి దీపము, వెనుకటి 60 వాట్ల తీగబల్బు ఇచ్చినంత వెలుగు నిచ్చును. ఆ బల్బు కరెంటులో అత్యధిక భాగమును వేడిగానే మార్చెడిది. కట్టెలపొయ్యి ఉన్న వంటింట పొగ పోవు దారి తప్పనిసరి. చలికాలమున మూసిన గదిలో బొగ్గు కుంపటి నుంచుట ప్రాణాపాయము. దాని విషవాయువునకు వాసన లేదు.

కొత్త యంత్రమునకు సొమ్ము కూడబెట్టు గృహస్థులు, ముందుగ ఒకనాటి సాయంకాలము ఐదింటికి మంచమెక్కి కప్పు లోపలి ముఖమును అరచేతితో తాకి చూడుడు. చేయి చురుక్కుమన్నచో, ఆ సొమ్ములో మొదటి భాగము సున్నమునకును కుంచెకును పోవలెను. అప్పుడు ఆ ముసలితల్లి పంకా గాలి క్రిందనే నిద్రపోగలదు.