గాలిని నొక్కితే నిప్పు

బర్మాలోని రంగూన్‌లో పజుండౌంగ్ కాలువ ఒడ్డున 19వ శతాబ్దం చివరికల్లా బియ్యం మిల్లుల పొగగొట్టాలు వరసగా లేచాయి. ఆ మిల్లుల్లో బస్తాలు మోసినవాళ్లలో చాలామంది మనవాళ్లే. గంజాం మొదలు గోదావరి దాకా ఉన్న తీరం నుంచి కూలీలను తీసుకెళ్లే మేస్త్రీల వెంట ఓడెక్కి వెళ్లినవాళ్లు. మిల్లుల ఆవిరి యంత్రాలకు వడ్లు ఆడించగా మిగిలిన ఊకే ఇంధనం. ధాన్యం బరువులో ఐదో వంతు దాకా ఊకే ఉంటుంది, పైగా ఖర్చు లేనిది. అందులో సిలికా ఎక్కువ కావడంతో భగ్గున మండదు, కణకణ కాలుతుంది. అంటుకోవడానికి మొరాయిస్తుంది గానీ, ఒకసారి అంటుకుంటే ఓ పట్టాన ఆరదు.

నిప్పు సంగతిలో అసలు చిక్కు ఆ మొదటి అంటుకోవడం దగ్గరే ఉంది. ఆ చిక్కును అదే బర్మాలో, ఉత్తరాన కచిన్, షాన్ కొండల్లో, అరచేతిలో ఇమిడే ఒక పనిముట్టుతో విప్పారు. దానికి అగ్గిపుల్ల అక్కర్లేదు, చెకుముకి రాయి అక్కర్లేదు, ఎండా అక్కర్లేదు. గాలి ఉంటే చాలు. ఇంగ్లీషువాళ్లు దానికి ఫైర్ పిస్టన్ అని పేరు పెట్టారు. మనం నిప్పుగొట్టం అనుకోవచ్చు.

చూడటానికి ఎంత సాదాగా ఉంటుందో! దున్నపోతు కొమ్ముతోనో గట్టి కర్రతోనో వెదురుతోనో చేసిన చిన్న గొట్టం. ఒక కొస మూసి ఉంటుంది. లోపలి రంధ్రం చిటికెనవేలు కూడా పట్టనంత సన్నం, అద్దంలా నున్నగా ఉంటుంది. అందులోకి సరిగ్గా దిగే ఒక కడ్డీ, దాని పైన అరచేత్తో కొట్టడానికి గుండ్రటి బుడిపె. కడ్డీ అడుగు కొసన చిన్న గుంట. కొసకు కాస్త పైన దారం చుట్టి, కొవ్వు రాసి ఉంటుంది, గాలి పక్కనుంచి జారిపోకుండా. గుంటలో చిటికెడు మెత్తటి నూగు కూరి, కడ్డీ కొసను గొట్టం నోట్లో నిలిపి, అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి, ఆ వెంటనే బయటికి లాగాలి. గుంటలో నూగు ఎర్రగా కణకణమంటూ ఉంటుంది.

ఏం జరిగింది? సైకిల్ పంపు నాలుగుసార్లు కొట్టి దాని అడుగు పట్టుకుంటే చేతికి వెచ్చగా తగులుతుంది కదా, అదే ఇక్కడా జరిగింది. గాలిని గబుక్కున నొక్కినప్పుడు మన చెయ్యి చేసిన పనంతా గాలిలో వేడిగా మారుతుంది. 30 డిగ్రీల గాలిని ఇరవయ్యో వంతుకు కుదించి, ఆ వేడి ఎటూ పోకుండా ఆపగలిగితే, లెక్క ప్రకారం అది 700 డిగ్రీలు దాటుతుంది. నిజంగా అంత రాదు. గొట్టం గోడలు కొంత లాగేస్తాయి, దారం పక్కనుంచి కొంత జారిపోతుంది. అయినా మంచి నూగు రాజుకోవడానికి అది చాలు. మెల్లగా నొక్కితే మాత్రం పుట్టిన వేడి పుట్టినట్టే గోడల్లోకి ఇంకిపోతుంది, నిప్పు రాదు. బలం కన్నా వేగమే ముఖ్యం. కొమ్ము, కర్ర, వెదురు వేడిని త్వరగా లాగవు. అవే ఎందుకు వాడారో ఆలోచిస్తే, ఆ కొండవాళ్ల చేతి తెలివికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో పిట్ రివర్స్ మ్యూజియాన్ని చూసుకున్న హెన్రీ బాల్ఫర్ 1907లో ఈ పనిముట్టు మీద పెద్ద వ్యాసం రాశాడు. బర్మా, సయాం, మలయా, సుమత్రా, బోర్నియో, ఫిలిప్పీన్స్ దాకా అది వ్యాపించి ఉన్నట్టు చూపించాడు. అదే సూత్రం యూరప్‌లో విడిగా తలెత్తింది. 19వ శతాబ్దం మొదట్లో, గాలి తుపాకీలోకి గాలి కుక్కుతుంటే నిప్పు పుడుతోందన్న సంగతిని ఫ్రాన్స్‌లోని లియాన్ ఆచార్యుడు జోసెఫ్ మోలే పండితుల ముందు పెట్టాడు. 1807లో ఇంగ్లండులో రిచర్డ్ లోరెంట్జ్ దీని మీద పేటెంట్ తీసుకున్నాడు. కొన్నాళ్లు దొరల జేబుల్లో ఇత్తడి గొట్టాలు తిరిగాయి. 1827లో జాన్ వాకర్ అగ్గిపుల్లలు అమ్మడం మొదలుపెట్టాక ఆ ముచ్చట తీరిపోయింది. అగ్గిపుల్లలు బర్మాకూ చేరాయి, 1920లలో రంగూన్‌లోనే వ్యాపారి ఆదమ్‌జీ హాజీ దావూద్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పెట్టాడు.

అయితే ఆ సూత్రం చావలేదు. మ్యూనిక్‌లో కార్ల్ ఫన్ లిండే దగ్గర చదువుకున్న రుడాల్ఫ్ డీజిల్ అక్కడ ఒక నిప్పుగొట్టం చూశాడని, అదే తన ఇంజనుకు బీజం వేసిందని చెబుతారు. ఆ కథ సంగతి ఎలా ఉన్నా, 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఫలితమిచ్చిన ఆయన ఇంజను చేసేది సరిగ్గా ఇదే. గాలిని గట్టిగా కుదించి, ఆ వేడిలోకి ఇంధనం చిమ్మితే, ఏ నిప్పురవ్వా లేకుండానే అంటుకుంటుంది. నూగు ఉండాల్సిన చోట నూనె వచ్చింది, అంతే తేడా.

నా మటుకు నాకు డీజిల్ కన్నా ఆ నూగే ఎక్కువ ఆశ్చర్యం. గొట్టం ఎంత నున్నగా తిరిగినా, దెబ్బ ఎంత చురుగ్గా పడినా, గుంటలో పెట్టింది మంచిది కాకపోతే అంతా వృథా. మలయాలో ఈ పనికి జీలుగు జాతి చెట్ల మట్టల మొదట్లో ఉండే గోధుమరంగు నూగును గీకి తెచ్చేవారు. మన మారేడుమిల్లి, రంపచోడవరం కొండల్లో కల్లు ఇచ్చే జీలుగు కూడా ఆ కుటుంబానిదే. యూరప్‌లో చెట్ల కాండాల మీద పెరిగే ఒక పుట్టగొడుగును ఎండబెట్టి, దంచి మెత్తగా చేసి వాడేవారు. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడ్డ 5,300 ఏళ్లనాటి మనిషి సంచిలో ఆ పుట్టగొడుగు ముక్కలున్నాయి.

అడవికి వెళ్లేవాళ్లు ఇక్కడే తడబడతారు. దూదికి వాజిలిన్ పట్టించి తీసుకెళ్తారు. మంచిదే, అగ్గిపుల్ల తగిలిస్తే నిమిషాల పాటు మంట నిలుపుతుంది. కానీ చెకుముకి రవ్వకు అది సులువుగా లొంగదు. గొట్టంలో ఉన్న కాస్త గాలిలో మంట నిలవదు. అక్కడ కావలసింది మండేది కాదు, రాజుకునేది. బాగా నలిగిన నూలు పంచె ముక్కను మూతకు సన్న చిల్లున్న డబ్బాలో పెట్టి, పొయ్యి మీద ఉంచాలి. చిల్లులోంచి పొగ ఆగిపోయేదాకా కాల్చి, పూర్తిగా చల్లారాకే తియ్యాలి. వేడిగా ఉండగా మూత తీస్తే గాలి సోకి బూడిదే మిగులుతుంది. టెరికాట్ కలిసిన గుడ్డ కరిగి ముద్దవుతుంది, పనికిరాదు. ఇలా నల్లబారిన గుడ్డలో నీరు, మంట పుట్టించే ఆవిర్లు ముందే పోయి ఉంటాయి, బొగ్గు పోగులే మిగులుతాయి. చిన్న రవ్వ పడ్డా రాజుకుంటాయి.

ఆ బొగ్గుకు తేమను పీల్చే గుణం ఉంది. బర్మా వానల్లాంటి తేమలో, లేదా మన శ్రావణంలో, మూత బిగుతుగా లేని డబ్బాలో ఉంచితే పనిచెయ్యదు. ఒకే పొట్లం కాకుండా రెండు విడి డబ్బాల్లో వేరువేరు సంచుల్లో పెట్టుకోండి. కొబ్బరి పీచును బాగా విదిలించి గూడులా చేసి విడిగా ఉంచుకుంటే, రాజుకున్న గుడ్డను అందులో పెట్టి ఊదాక మంట లేస్తుంది. దెబ్బ కొట్టాక కడ్డీ లాగడంలో ఆలస్యం చేస్తే లోపలి ప్రాణవాయువు అయిపోయి నిప్పు అక్కడే ఆరిపోతుంది. ఒకసారి తప్పితే, పాత గాలి పోయేలా గొట్టాన్ని ఊది, కొత్త ముక్క పెట్టి మళ్లీ కొట్టండి.