అడవికి కావలి కాసే కాళ్ళు

పిల్లలూ! మీరు ఒక్కరోజులో ఎంత దూరం నడవగలరు? బడికి ఒక మైలు, ఇంటికి ఒక మైలు. అంతకన్న ఎక్కువ నడిచేవారు మీలో ఎందరున్నారు?

అటవీ శాఖలో బీటు ఆఫీసరు కావాలంటే మగవారు 25 కిలోమీటర్లు, ఆడవారు 16 కిలోమీటర్లు నాలుగు గంటలలో నడిచి చూపించాలి. పుస్తకాల పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినా సరే, ఈ నడకలో తప్పితే ఉద్యోగం లేదు!

"ఉద్యోగానికి తెలివి ఉంటే చాలదా, కాళ్ళెందుకు?" అంటారేమో. చెబుతాను, వినండి.

నల్లమల వంటి మహారణ్యాన్ని ఒక్క మనిషి చూసుకోలేడు. అందుకని అడవిని రేంజిలుగాను, రేంజిని సెక్షనులుగాను, సెక్షనును బీటులుగాను విభజించారు. బీటు అన్నిటిలోకి చిన్నది. చిన్నదంటే మన పెరడంత అనుకునేరు! ఒక్కొక్క బీటు వేల ఎకరాలుంటుంది. అందులోని ప్రతి వాగుకూ, ప్రతి గుట్టకూ జవాబు చెప్పవలసిన మనిషి బీటు ఆఫీసరే. జీపు పోయేది కొంత దూరమే. ఆ తరవాత నడకే గతి.

తెల్లవారగానే బీటు ఆఫీసరు కావలివారిని వెంటబెట్టుకుని బయలుదేరుతాడు. చెట్టు నరికిన గుర్తులున్నవా, ఎవరైనా ఉచ్చులు పన్నారా, సరిహద్దు రాళ్ళు చెదరలేదు గదా అని చూసుకుంటూ పోతాడు. నల్లమలలో ఈ కావలివారు చాలామంది చెంచులు. నేలమీద పడిన అడుగును చూసి అది ఏ జంతువుదో చెప్పగలరు. మీకూ ఒక కిటుకు చెప్పనా? కుక్క అడుగులో గోళ్ళ గుర్తులు కనబడతవి. పులి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. అందుచేత దాని అడుగులో సాధారణంగా ఆ గుర్తులుండవు.

పులుల లెక్క తేల్చడానికి చెట్లకు కెమెరాలు కడతారు. మన వేలిముద్రలలాగే ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవు. ఫోటోలు పోల్చి చూస్తే ఏ పులి ఏదో తెలిసిపోతుంది.

వేసవి వచ్చిందంటే అడవివారికి కంటిమీద కునుకుండదు. ఎండుటాకులమీద ఆరని బీడీ ముక్క ఒక్కటి పడితే చాలు, కొండంతా అంటుకుంటుంది. అందుకే ముందుగానే ఆకులు ఊడ్చి, వెడల్పైన బాటలు తీస్తారు. మంట ఆ బాట దాకా వచ్చి, కాల్చడానికేమీ లేక ఆగిపోతుంది. ఎక్కడైనా నిప్పు రేగితే ఆకాశంలోని ఉపగ్రహం కనిపెడుతుంది, కబురు ఫోనుకు వస్తుంది. కాని ఆర్పవలసింది మనిషే! పచ్చి కొమ్మలు విరిచి మంటను కొట్టి ఆర్పుతారు. వాగులు ఎండినప్పుడు జంతువులకోసం తొట్లలో నీళ్ళు నింపుతారు. వానలు పడగానే మొక్కలు నాటుతారు.

ఈ ఉద్యోగానికి ఇంటర్మీడియెటు చదివి ఉండాలి. ఎన్నికైనవారికి శిక్షణ ఇస్తారు. తెలంగాణవారికి హైదరాబాదు దగ్గర దూలపల్లిలోను, ఆంధ్రప్రదేశ్ వారికి రాజమండ్రి దగ్గర దివాన్‌చెరువులోను అకాడమీలున్నవి. చెట్ల పేర్లు, అటవీ చట్టాలు, కొలతలు, నర్సరీ పని, అన్నీ అక్కడ నేర్పుతారు. డిగ్రీ చదివి ఇండియన్ ఫారెస్టు సర్వీసు పరీక్షలో నెగ్గినవారు డెహ్రాడూన్‌లో శిక్షణ పొందుతారు. అక్కడ అటవీ పాఠశాల 1878లోనే వెలిసింది.

ఇక జీతం మాట. ఇది మీ అమ్మా నాన్నా అడిగే ప్రశ్న! ఆంధ్రప్రదేశ్‌లో 2025లో వెలువడిన ప్రకటన ప్రకారం బీటు ఆఫీసరు మూలవేతనం నెలకు 25,220 రూపాయలతో మొదలై, సర్వీసు పెరిగినకొద్దీ పెరుగుతుంది. 2024 ప్రకటనలో రేంజి ఆఫీసరుకు మొదలు 48,440. కరువు భత్యం వంటివి వీటికి అదనం. భాగ్యవంతులం కాలేము గాని, సంసారం గడుస్తుంది.

అయితే ఒక సంగతి దాచకూడదు. ఈ పనిలో అపాయమున్నది. రాజమండ్రిలో పుట్టిన పందిళ్ళపల్లి శ్రీనివాస్ కర్ణాటకలో అటవీ అధికారిగా పనిచేశాడు. గంధపుచెక్కలు, ఏనుగు దంతాలు దొంగిలించే వీరప్పన్ సొంత ఊరు గోపీనాథంలోనే ఉండి, ఆ ఊరివారికి వైద్యసాయం చేసి, వారి అభిమానం సంపాదించాడు. 1991 నవంబరు 10న వీరప్పన్ ఆయనను చంపాడు. ప్రభుత్వం ఆయనకు కీర్తిచక్ర ఇచ్చి గౌరవించింది. ఇటువంటివారిని తలుచుకోవడానికే ఏటా సెప్టెంబరు 11న అటవీ అమరవీరుల దినం జరుపుతారు.

మరి ఇంత కష్టపడి ఎందుకు చేరుతారు? ఈ వానకు నాటిన టేకు మొక్క మంచి కలప కావడానికి యాభై అరవై ఏళ్ళు పడుతుంది. నాటినవారు అప్పటికి ఉద్యోగంలో ఉండరు. ఫలం చూడకపోయినా పని చేసేవారుంటేనే అడవి నిలుస్తుంది.

మీకూ ఈ ఉద్యోగం మీద మనసు పోయిందా? అయితే ఈ ఆదివారమే మొదలుపెట్టండి. మీ ఊరి బయటకు నాన్నతోనో అన్నయ్యతోనో నడిచి వెళ్ళి, దారిలో కనిపించిన పది చెట్ల పేర్లు రాసుకుని రండి. పేరు తెలియని చెట్టుంటే తాతయ్యను అడగండి. పదీ పూర్తి అయిన రోజున మీరు మొదటి పరీక్ష నెగ్గినట్టే!