గాజుతొట్టెలో పాకే నీలిపాచి

అక్వేరియం అడుగున కంకర మీద, మొక్కల ఆకుల మీద ముదురు నీలంపచ్చ రంగులో జిగురుగా పరుచుకునే పొరను అందరూ నాచే అంటారు. నిజానికది బ్యాక్టీరియా. వేలితో గోకితే పాల మీద మీగడలా ఒక్క తునకగా లేచివస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిమట్టి వాసన. తొలకరి చినుకులకు నేల నుంచి లేచే వాసనలో ఉండే జియోస్మిన్ అనే పదార్థాన్నే ఈ జీవులూ తయారుచేస్తాయి. పొరలో చిక్కుకున్న చిన్న బుడగలు కిరణజన్య సంయోగక్రియలో పుట్టిన ఆక్సిజన్.

ఈ కణాల్లో కేంద్రకం లేదు, హరితరేణువులూ లేవు. పత్రహరితానికి ఫైకోసయనిన్ అనే నీలి వర్ణకం తోడవడంతో ఆ రంగు వస్తుంది. వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం వీటిని శైవలాల్లోనే లెక్కవేశారు. 1962లో సూక్ష్మజీవ శాస్త్రవేత్తలు రోజర్ స్టానియర్, వాన్ నీల్ కణ నిర్మాణాన్ని ఆధారం చేసుకుని వీటి చోటు బ్యాక్టీరియాలతోనే అని వాదించారు. సయనోబ్యాక్టీరియా అన్న పేరు ఆ తర్వాత స్థిరపడింది.

వరంగల్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గదిలో తొట్టె నీళ్లు కూడా 30 డిగ్రీల పైకి పోతాయి. కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే మూలల్లో నీరు కదలదు. ఇదంతా ఈ పాచికి కలిసొచ్చే కాలం. దుకాణం నుంచి తెచ్చిన మొక్క వేళ్లకో, చేపల సంచి నీళ్లలోనో ఈ పాచి పోగులు రెండు వచ్చినా చాలు. అలాగని ఈ జాతినంతా శత్రువుగా చూడటం అన్యాయం. పాకాల చెరువు కింది మళ్లలాంటి వరిపొలాల్లో వీటి బంధువులైన అనబీనా, నాస్టాక్ గాలిలోని నత్రజనిని పైరుకు అందే రూపంలోకి మారుస్తాయి. వరిమళ్లలో ఈ పని జరుగుతోందని 1939లో పి.కె. డే చూపించాడు.

తొట్టెలో ఎక్కువగా కనిపించేవి ఆసిలటోరియా, ఫార్మిడియం రకాలు. సాయంత్రం గాజు శుభ్రంగా తుడిస్తే తెల్లారేసరికి పొర మళ్లీ కనిపిస్తుంది. అంత వేగంగా పెరిగిందా అని ఆశ్చర్యపోతారు. పెరుగుదల కొంతే, మిగతాది నడక. కణాలు ఒకదానికొకటి అంటుకుని ఏర్పడిన ఈ పోగులు పాకగలవు. కాళ్లు, తోకలు, కశాభాలు ఏవీ లేవు. అయినా జిగురును వెనక వదులుతూ, చాలా జాతుల్లో తమ చుట్టూ తాము తిరుగుతూ, ముందుకు జారుతాయి. చురుకైన జాతులు సెకనుకు 10 మైక్రాన్ల దాకా పోతాయి. సూటిగా సాగితే గంటకు 3.6 సెంటీమీటర్లు! కంటికి కనిపించనంత సన్నటి పోగుకు ఇది పెద్ద ప్రయాణమే. కంకర సందుల్లో మిగిలిన పోగులు రాత్రికి రాత్రే ఖాళీ చోటికి చేరడంలో వింతేమీ లేదు.

ఈ కదలిక మహామహులను తికమక పెట్టింది. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త అడాన్సన్ 1767లోనే దీన్ని వర్ణించాడు. కదిలేది మొక్క ఎలా అవుతుందని కొందరు వీటిని జంతువుల్లో చేర్చారు. కదలిక ఎలా సాధ్యమన్న ప్రశ్న మాత్రం రెండు వందల ఏళ్లు తేలలేదు. కణగోడలోని సన్నటి నారలు అలలా కదిలి పోగును తోస్తాయని 1970లో హాఫెన్, కాస్టెన్‌హోల్జ్ ప్రతిపాదించారు. కణాల మధ్య ఉన్న రంధ్రాల నుంచి జిగురు పిచికారీ అయి, ఆ తోపుడుకు పోగు సాగుతుందని 1998లో హోయిచిక్, బౌమైస్టర్ చెప్పారు. చూడముచ్చటైన సిద్ధాంతం, చాలామంది ఒప్పుకున్నారు. తర్వాత నాస్టాక్ మీద జరిగిన జన్యు పరిశోధనలు మరో దారి చూపాయి. కణం బయటికి పిలై అనే సన్నటి తంతువులను చాచి, ఆనుకున్న తలాన్ని పట్టుకుని, వాటిని వెనక్కి లాక్కుంటుంది. జిగురుది సాయం చేసే పాత్రే. అన్ని జాతులకూ ఒకే యంత్రమని చెప్పడానికి ఇంకా తొందరే.

ఎటు పోవాలో వీటికెలా తెలుస్తుందన్నది ఇంకా అందమైన విషయం. ఏకకణజీవి సినెకోసిస్టిస్‌లో కణమే కటకంలా పనిచేసి, వెలుతురును అవతలి గోడ మీద చుక్కగా కేంద్రీకరిస్తుందని 2016లో తేలింది. కణం ఆ చుక్కకు వ్యతిరేక దిశలో, అంటే వెలుగు వచ్చే వైపుకే, కదులుతుంది. ఫార్మిడియం పోగులది వేరే పద్ధతి. ముందు కొన చీకట్లోకి పోగానే పోగు ఆగి వెనక్కి మళ్లుతుంది. వెలుగులోకి రావడానికి అడ్డులేదు, బయటికి పోవడానికే అడ్డు. కాబట్టి చీకటి మధ్య వెలుగు మడుగుంటే పోగులన్నీ అందులో పోగవుతాయి. దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. చిన్న గాజుగిన్నెలో తొట్టె నీళ్లు పోసి, పాచి తునకను చెదరగొట్టి వేయాలి. రంధ్రం చేసిన నల్లకాగితం గిన్నెకు చుట్టి వెలుతురులో ఉంచాలి. ఒకటి రెండు రోజుల్లో రంధ్రం ఎదుట పచ్చటి మచ్చ తేలుతుంది. కిటికీ ఎండ పడే గాజు అంచున పొర ముందుగా కనిపించడానికి ఇదొక కారణం.

ఇక వదిలించుకునే సంగతి. పొరను గోకి నీళ్లలో చెదరగొడితే పోగులను తొట్టంతా నాటినట్టే. సన్నటి పైపుతో నీళ్లతో సహా బయటికి లాగేయాలి. మేత తగ్గించి, ఫిల్టర్ నీరు మూలలకూ తగిలేలా తిప్పి, తొట్టెను మూడు నాలుగు రోజులు నల్లగుడ్డతో పూర్తిగా కప్పాలి. వెలుగు లేనిదే వాటికి తిండి లేదు, పోవడానికి వేరే చోటూ లేదు. చచ్చిన పొర కుళ్లి ఆక్సిజన్ లాగేస్తుంది గనక ఎయిర్ పంపు ఆపకూడదు.

సక్కర్ ఫిష్ వేస్తే శుభ్రమైపోతుందని దుకాణాల్లో చెప్పే మాట నమ్మదగ్గది కాదు. అది ఈ జిగురును పెద్దగా తినదు. పైగా అడుగు దాటి పెరుగుతుంది. తొట్టె చాలక జనం దాన్ని చెరువుల్లో వదిలేస్తున్నారు. అక్కడ అది జాలర్ల వలలు చించుతోంది, స్థానిక చేపల చోటు ఆక్రమిస్తోంది. ఎరిత్రోమైసిన్ బిళ్లలు వేసేవారూ ఉన్నారు. మందు పనిచేస్తుంది, ఎందుకంటే ఇది బ్యాక్టీరియా, దాని రైబోజోమ్‌ను ఆ మందు పట్టేస్తుంది. కానీ ఆ నీళ్లు చివరికి మురికికాలువలో చేరి, మనుషుల జబ్బులకు వాడే మందును తట్టుకునే సూక్ష్మజీవులను పెంచుతాయి. నల్లగుడ్డతో తీరే పనికి ఆ మందు వాడటం సమర్థించలేనిది.