తంబోలా చీటీతో తెరుచుకున్న పుస్తకాల బీరువా

చీరాల: తంబోలా ఆట తెలియనివారు అరుదు. పెళ్ళిళ్ళలోనూ, క్లబ్బుల్లోనూ చీటీలు పంచి, అంకెలు పిలిచి ఆడించే ఆట అది. చీటీలో మూడు వరుసలు, 15 అంకెలు వుంటాయి. 1 నుంచి 90 వరకు పిలిచే అంకెల్లో మన చీటీలో వున్నదాన్ని కొట్టివేయాలి. వరుస పూర్తయితే ఒక బహుమతి, చీటీ అంతా పూర్తయితే పెద్ద బహుమతి. ఇంగ్లీషు దేశాల్లో ఈ కోవ ఆటకే బింగో అని పేరు. ఆ చీటీలో అంకెలకు బదులు పుస్తకాలు పెడితే ఏమవుతుంది? చీరాల ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మాత్రం ఏళ్ళ తరబడి మూతపడి వున్న బీరువా తెరుచుకుంది.

తాళం ఎందుకు పడింది?

ఆ బడిలో పుస్తకాలు లేక కాదు. ప్రభుత్వం పంపినవి, దాతలు ఇచ్చినవి కలిసి బీరువా నిండా వున్నాయి. అయితే ప్రతి పుస్తకానికీ స్టాకు రిజిస్టరులో ఒక నంబరు వుంది. బదిలీ అయిన రోజున ఆ నంబర్లన్నీ సరిచూపి ఛార్జి అప్పగించాలి. ఒక్కటి తగ్గినా సంజాయిషీ చెప్పుకోవాలి. పిల్లల చేతికిస్తే పుస్తకం చిరుగుతుంది, లేదా పోతుంది. బీరువాలో చెదలు తిన్నా లెక్కకు మాత్రం వుంటుంది. అందువల్ల తాళంచెవి ఒక ఉపాధ్యాయుని సొరుగులోంచి మరొకరి సొరుగులోకి మారిందే గాని తాళంలోకి వెళ్ళలేదు.

దీని ఫలితం తరగతి గదిలో కనిపిస్తుంది. దేశంలోని గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలల్లో అయిదో తరగతి చదివేవారిలో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు నూటికి 44.8 మంది మాత్రమేనని 2024 అసర్ సర్వే తేల్చింది. 2022లో ఇది 38.5. కొంత మెరుగుపడిన మాట నిజమే అయినా సగానికి పైగా పిల్లలు తడబడుతూనే ఆరో తరగతిలో అడుగు పెడుతున్నారు. చదవలేనివాడు పుస్తకం ముట్టడు, ముట్టనివాడికి చదవడం రాదు. ఈ చిక్కుముడిని విప్పడానికే ఆ బడిలోని తెలుగు ఉపాధ్యాయిని తంబోలాను ఎంచుకున్నారు.

తొమ్మిది గళ్ళ చీటీ

తెల్లకాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కమీద తొమ్మిది గళ్ళు గీస్తారు. గడికొక షరతు. జంతువుల కథ ఒకటి, బొమ్మలే ఎక్కువగా వున్న పుస్తకం ఒకటి, బొమ్మలు లేని కథ ఒకటి. సైన్సు పుస్తకంలో పది పేజీలు. ఒక స్త్రీ జీవిత చరిత్ర. స్నేహితుడు బాగుందని చెప్పిన పుస్తకం. నువ్వు పుట్టకముందు అచ్చయిన పుస్తకం. మధ్య గడిలో, ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించిన కథ. తొమ్మిదోది విచిత్రమైనది: మొదలుపెట్టి, నచ్చక వదిలేసిన పుస్తకం. ఎందుకు నచ్చలేదో రెండు ముక్కల్లో చెప్పాలి.

ఒక పుస్తకంతో ఒక గడి మాత్రమే కొట్టివేయాలి. మధ్య గడి తప్ప మిగిలినవి ఒక్కొక్కరి చీటీలో ఒక్కో చోట వుంటాయి కనుక పక్కవాడిని చూసి కొట్టివేయడం కుదరదు. అసలు తంబోలాలో అంకెను పిలిచేది అదృష్టం. ఇక్కడ పిలుపు పిల్లవాడిదే. ఏ గడి ముందు, ఏ పుస్తకం ముందు అనేది అతని ఇష్టం. ‘ఇది చదువు’ అని ఎవరూ చెప్పరు.

‘పుట్టకముందు’ గడికి దాతలు ఇచ్చిన పాత ‘చందమామ’ బైండు సంపుటాలు బాగా అక్కరకు వచ్చాయి. 1947 జులైలో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. అయినా ఆ బడిలో పిల్లలు దానికోసం వరుస కడుతున్నారు.

బెడిసికొట్టిన బహుమతులు

మొదటి నెల ఆట చెడింది. వరుసకు పెన్సిలు, నిండు చీటీకి పెన్ను అని ప్రకటించగానే పిల్లలు బీరువా మీద పడ్డారు. అందరికన్నా సన్నటి పుస్తకాలను వెతికి పట్టుకున్నారు. మొదటి పేజీ, చివరి పేజీ చూసి గళ్ళు కొట్టివేసినవారు కొందరు. ఒక్క మధ్యాహ్నంలో చీటీ నింపేసి పెన్ను కోసం చేయి చాపినవారు మరికొందరు. పెన్నులు అయిపోయాక బీరువా దగ్గర సందడి కూడా అయిపోయింది.

ఇది కొత్త సంగతి కాదు. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు చిన్నపిల్లలపై చేసిన పరిశీలన ఫలితాలు ప్రకటించారు. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లల్లో కొందరికి, వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ళకు వాళ్ళకు ఆ బొమ్మలమీద వున్న ఆసక్తి తగ్గింది. ఏమీ చెప్పనివారి ఆసక్తి తగ్గలేదు. ఇష్టంతో చేసే పనికి కూలి కడితే అది కూలిపనే అవుతుందన్నమాట.

రెండో నెల నుంచి పెన్సిళ్ళు, పెన్నులు పోయాయి. వరుస పూర్తిచేసినవారికి వారంపాటు బీరువా తాళంచెవి. పుస్తకాలు ఇచ్చి, పుచ్చుకుని, నోటుపుస్తకంలో రాయవలసిన బాధ్యత వాళ్ళదే. నిండు చీటీ చూపినవారు తమకు నచ్చిన పుస్తకం పేరు చెబితే ఆ వారం టీచరుగారు దాన్ని తరగతికంతటికీ చదివి వినిపిస్తారు. పరీక్షలు, ప్రశ్నలు లేవు. గడి కొట్టివేసే ముందు ఆ కథను ఒక స్నేహితునికి చెబితే చాలు. చదవనిది చెప్పడం కష్టమని పిల్లలకు త్వరలోనే తెలిసివచ్చింది.

ఆటలో అసలు లాభం టీచరుగారు కూడా ముందు వూహించనిది. కూడబలుక్కుని చదివే తొమ్మిదో తరగతి కుర్రవాడు పెద్ద అక్షరాల బొమ్మల పుస్తకం పట్టుకుంటే మామూలుగా తోటివారు నవ్వుతారు. ఇప్పుడు ఆ పుస్తకం అందరి చీటీలోనూ ఒక గడి. తరగతిలో మొదటి ర్యాంకు పిల్ల కూడా అదే పుస్తకం చదవాలి. నవ్వేవారు లేరు. సిగ్గు పోయాక ఆ కుర్రవాడు ఒకటి తర్వాత ఒకటిగా అలాంటి పుస్తకాలన్నీ పూర్తిచేసి, బొమ్మలు తక్కువగా వున్నవాటిలోకి దిగాడు.

మగ్గం పక్కన కథ

మధ్య గడి పుస్తకాన్ని బడి దాటించింది. చేనేత కుటుంబానికి చెందిన ఏడో తరగతి బాలిక ఒకతె, కండెలు చుడుతున్న నాయనమ్మ దగ్గర కూర్చుని కథ చదివింది. నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ఆ కథ తన చిన్నతనంలో విన్నదేనట. నక్క అలా అనలేదు, ఇలా అంది అని మనవరాలిని సరిదిద్దింది. మర్నాడు సాయంత్రం మరో కథ ఏదని తనే అడిగింది. ఒక గడి కోసం ఒక్క కథ చాలు. ఆ ఇంట్లో మాత్రం చీటీ నిండిన తర్వాత కూడా మగ్గం చప్పుడు ఆగగానే కథ మొదలవుతోంది.

చీటీ అక్కరలేనివారే నెగ్గినట్టు అంటారు ఆ ఉపాధ్యాయిని. కొత్త చీటీ అడగకుండా తిన్నగా బీరువా దగ్గరికి నడిచే పిల్లలు ఇప్పుడు ఆ తరగతిలో కొందరున్నారు.

కావలసినవి ఇవీ

ఈ ఆటకు అయ్యే ఖర్చు నాలుగు తెల్లకాగితాలు. కావలసింది అధికారుల నుంచి ఒక్క మాట. చదువుతూ చిరిగిపోయిన, పోయిన పుస్తకాలను ఏటా కొన్నింటిని లెక్కల్లోంచి కొట్టివేయవచ్చని స్పష్టంగా చెబితే, తాళాలు వేసుకున్న బీరువాలు చాలా తెరుచుకుంటాయని ఉపాధ్యాయులు అంటున్నారు. పెద్ద అక్షరాల సన్నపుస్తకాల కొరత కూడా వుంది. ఉన్నవి అట్టలూడి, చేతులు మారి మారి నలిగిపోయాయి.

1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసిన ప్రాంతమిది. గాంధీజీ 1929లో వచ్చి చూసిన గ్రంథాలయమది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు పుస్తకాన్ని పల్లెపల్లెకూ తీసుకుపోవాలని వుద్యమించిన నేల ఇది. అలాంటి చోట పిల్లలకూ పుస్తకానికీ మధ్య తాళంకప్ప వుండడం విచారకరం. శాఖా గ్రంథాలయాలు తమ బాలల విభాగం పుస్తకాలను కొంతకాలంపాటు బడులకు అరువిచ్చే ఏర్పాటు చేస్తే ఎంతో మేలు జరుగుతుందని తల్లిదండ్రులు కోరుతున్నారు.