న్యూటన్ చెట్టు కూలిన తోట

యాపిల్ పండు రాలితే న్యూటన్‌కి గురుత్వాకర్షణ సంగతి తట్టిందంటారు. మరి చెట్టే రాలిపడితే?

2022 ఫిబ్రవరి 18న అదే జరిగింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారి బొటానిక్ గార్డెన్‌లో, గేటు దగ్గర 1954 నుంచీ నిలబడి ఉన్న ‘న్యూటన్ యాపిల్ చెట్టు’ యూనిస్ తుపానుకి నేలకూలింది. మామూలు తుపాను కాదది. ఆ రోజు దక్షిణాన వైట్ దీవి కొసన గాలి గంటకు 196 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఇంగ్లండులో అంతటి గాలి నమోదవడం అదే మొదలు.

అయితే న్యూటన్ చూసిన చెట్టు ఇది కాదు. అది లింకన్‌షైర్‌లో, ఆయన పుట్టిన వూల్స్‌థార్ప్ ఇంటి పెరట్లో ఉంది. 1820 ప్రాంతంలో అదీ ఓ గాలివానకి ఒరిగిపోయింది. ఒరిగినా వేరు తెగలేదు. మళ్లీ చిగురించి ఇప్పటికీ బతికే ఉంది. దాని కొమ్మల నుంచి అంటు కట్టగా వచ్చిందే కేంబ్రిడ్జి చెట్టు.

చెట్టు కూలిన కబురు లోకమంతా పాకింది. అదే తోటకి అంతకు మూడేళ్ల ముందు దక్కిన మరో రికార్డు గురించి తెలిసినవారు మాత్రం తక్కువ. 2019 జులై 25న అక్కడ 38.7 డిగ్రీల ఎండ కాసింది. బ్రిటన్‌లో అప్పటిదాకా అంత వేడి ఎప్పుడూ నమోదు కాలేదు.

మనకి నవ్వొస్తుంది. 38 అంటే రెంటచింతలలో, రామగుండంలో వేసవి మొదలైందని లెక్క! కానీ చలికి తట్టుకునేలా కట్టిన ఇళ్లు, ఫ్యాను లేని గదులు, చల్లటి తడి నేలకు అలవాటుపడ్డ చెట్లు ఉన్న దేశంలో అది చండప్రచండమే.

ఆ తోటలో వందేళ్లకు పైగా వాతావరణం వివరాలు రాసిపెడుతున్నారు. పచ్చిక మీద కాళ్లపై నిలబెట్టిన తెల్లటి పెట్టె, గాలి ఆడేందుకు పక్కలకి రెక్కలు, లోపల థర్మామీటరు. (ఈ పెట్టెను రూపొందించిన థామస్ స్టీవెన్సన్, ‘ట్రెజర్ ఐలాండ్’ రచయితకి స్వయానా తండ్రి.) ఎండ సూటిగా తగలదు కాబట్టి అది చెప్పేది నీడలోని గాలి వేడి మాత్రమే. 25న అంత కాసినా రికార్డు సంగతి వెంటనే బయటికి రాలేదు. వాతావరణ శాఖ వారు పరికరం సరిగా ఉందో లేదో పరీక్షించుకుని, 29న గానీ ఖాయం చేయలేదు.

అంతకుముందు రికార్డూ తోటదే. 2003 ఆగస్టు 10న కెంట్ ప్రాంతంలోని బ్రాగ్‌డేల్‌లో 38.5 డిగ్రీలు. బ్రిటన్ జాతీయ పండ్ల సేకరణ ఉన్నది అక్కడే. యాపిల్ రకాలే రెండు వేలకు పైగా ఉంటాయి. యాపిల్‌కి వడదెబ్బ తగిలే తీరు చిత్రంగా ఉంటుంది. ఎండకు ఎదురుగా ఉన్న పండు తొక్క, చుట్టూ ఉన్న గాలి కంటే పది డిగ్రీలకు పైగా వేడెక్కగలదు. ఆ వేడి 46 దాటితే గోధుమరంగు మచ్చ పడుతుంది. 52 చేరితే తొక్క కమిలి చచ్చిపోతుంది. కొమ్మ మీదే ఉడికిన పండన్నమాట! దాన్ని ఎవరు కొంటారు?

న్యూటన్ చెట్టు కూలిన అయిదు నెలలకే, 2022 జులై 19న, ఈ రెండు రికార్డులూ పాతబడిపోయాయి. లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు. న్యూటన్ సొంత జిల్లాయే! బ్రిటన్‌లో నలభై దాటడం చరిత్రలో అదే తొలిసారి. లండన్‌లోని ప్రఖ్యాత క్యూ గార్డెన్స్‌లోనూ 40.1 నమోదైంది. నగరం అంచున వెన్నింగ్‌టన్ గ్రామంలో ఎండుగడ్డి అంటుకుని, మంటలు పాకి ఇళ్లు బూడిదయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్ అగ్నిమాపక దళానికి అంత పని పడ్డ రోజు లేదు. పార్కులో దుప్పటి పరుచుకుని, చిన్న పొయ్యి మీద మాంసం కాల్చుకు తినడం అక్కడివారికి వేసవి సరదా. ఆ ఏడు పొయ్యి వెలిగించొద్దని అగ్నిమాపక సిబ్బంది బతిమాలాల్సి వచ్చింది.

ఆగస్టులో దక్షిణ ఇంగ్లండులో చాలాచోట్ల తోటలకు పైపుతో నీళ్లు పెట్టడం నిషేధించారు. కాదంటే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా. క్యానుతో మోసుకొచ్చి పోసుకుంటే మాత్రం తప్పు లేదు! లండన్ పార్కుల్లో పచ్చిక ఎండుగడ్డి రంగుకి తిరిగింది. శరదృతువు రాకముందే చెట్లు ఆకులు దులిపేసుకున్నాయి. ఆకుల గుండా నీరు ఆవిరైపోతుంది కాబట్టి, ప్రాణం నిలుపుకోవడానికి చెట్టు చేసే పని అది.

వానలు పడగానే పచ్చిక లేచింది. గడ్డికి పైన ఎండినా వేరు బతికి ఉంటుంది. చెట్టు అలా కాదు. నేల నుంచి ఆకుదాకా నీళ్లు మోసే సన్నటి నాళాల్లోకి గాలి బుడగలు చేరితే ఆ దారి మూసుకుపోతుంది. దెబ్బ అప్పుడే బయటపడకపోవచ్చు. మరుసటి వసంతంలో కొమ్మ చిగురించనప్పుడు తెలుస్తుంది. ఆ కరవు దెబ్బకు ఒక్క క్యూ తోటలోనే 400కు పైగా చెట్లు చనిపోయాయి. అనుభవజ్ఞులైన తోటమాలులు, శాస్త్రజ్ఞులు కంటికి రెప్పలా చూసుకునే తోట గతే ఇది! అక్కడున్న దాదాపు 11 వేల చెట్లలో సగానికి పైగా 2090 నాటికి ముప్పులో పడొచ్చని ఆ తోటవారే అంచనా వేశారు. ఇవాళ నాటిన ఓక్ మొక్క నిండుగా నీడనిచ్చే వయసుకు వచ్చేది కూడా దాదాపు అప్పటికే. అందుకే ఇప్పుడు ఏం నాటాలన్నది వారికి పెద్ద చిక్కుముడి.

కేంబ్రిడ్జి తోటవారు కొంత ముందే మేలుకున్నారు. అక్కడ ఏడాదికి పడే వాన సుమారు 560 మిల్లీమీటర్లు. అటూ ఇటుగా మన అనంతపురంలో పడేంతే! కాకపోతే అక్కడ ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా పడుతుంది. తోటలో ఓ మూల వాన తప్ప వేరే నీరు పెట్టకుండా మొక్కలు పెంచుతున్నారు. ఇంటి ముందు ఏం వేసుకుంటే బతుకుతుందో చూసి నేర్చుకోవడానికి వీలుగా ఏర్పాటు చేసిన తోట అది.

ఇక న్యూటన్ చెట్టు సంగతి. దాన్ని పడగొట్టింది గాలి ఒక్కటే కాదు. వేళ్లను కుళ్లబెట్టే ఓ శిలీంధ్రం అప్పటికే లోపల గుల్ల చేసింది. తోటవారికది తెలుసు. అందుకే తుపాను రాకముందే దాని కొమ్మలతో అంటు కట్టి ఉంచారు. పాత చోటే నాటితే నేలలోని శిలీంధ్రం కొత్తదాన్నీ పట్టుకుంటుంది గనక, తోటలోనే వేరే చోట నాటాలని నిర్ణయించారు.